నలభై దాటిన మగవాళ్లు ఒంట్లో సత్తువ ఎందుకు కాపాడుకోవాలి: మీకు తెలిసొచ్చిన రోజు చెప్పండి

మూడోమెట్టు:
నాకు 48. పోయిన నెల అర్ధరాత్రి నాన్న బాత్రూంలో జారిపడ్డారు. దెబ్బేమీ తగల్లేదు, కానీ లేవలేకపోయారు. ఆయనకు 76, బక్కపలచటి మనిషి. చంకల కింద చేతులేసి లేపబోయాను. నా వల్ల కాలేదు. నడుం పట్టేసింది, చేతులు వణకడం మొదలైంది. రెండోసారి లేపబోయి నేనూ ఆయన పక్కనే తడినేల మీద కూలబడ్డాను. పక్కింటి కుర్రాడు వచ్చి లేపేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం. "కాళ్లు మాట వినట్లేదురా" అన్నారు నాన్న.

ఆయనకు షుగర్ లేదు, గుండె జబ్బు లేదు, రిపోర్టులన్నీ బాగానే ఉంటాయి. మరి ఆ బలమంతా ఎటు పోయింది? నాది ఎటు పోయింది? ఇరవై ఏళ్లుగా కూర్చుని చేసే ఉద్యోగం నాది. ఆ రాత్రి నుంచి ఇదే ఆలోచన. మీకెప్పుడు తెలిసొచ్చింది, ఏం చేశారు, ఎక్కడ దెబ్బతిన్నారు? దాచకుండా రాయండి.

వాలీబాల్6:
అన్నా, చదువుతుంటే గుండె పిండేసినట్టయింది. నాది దెబ్బతిన్న కథే. కాలేజీలో వాలీబాల్ బాగా ఆడేవాణ్ని. పదిహేడేళ్లు బంతి ముట్టలేదు. 41వ ఏట ఆఫీసు వాళ్లు మ్యాచ్ పెడితే వార్మప్ కూడా లేకుండా నెట్ దగ్గర ఎగిరాను. మడమ వెనక ఎవరో గట్టిగా తన్నినట్టనిపించింది. వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ లేరు. అకిలిస్ టెండన్, అంటే పిక్క కండని మడమ ఎముకకి కలిపే గట్టి పట్టీ, తెగిపోయింది. ఆపరేషన్ అయ్యాక మామూలుగా మెట్లు దిగడానికే నెలలు పట్టింది. ఇది ముప్పై, యాభై మధ్య మగవాళ్లకే ఎక్కువట, అదీ నాలాగా ఎప్పుడో ఒకసారి ఆడేవాళ్లకి. కండ తొందరగా బలపడుతుంది గానీ టెండన్‌కి చాలా టైం కావాలి. ఇన్నేళ్ల విరామం తర్వాత ఒక్కరోజులో పాత మనిషినైపోదామనుకోకండి.

పొద్దునడక:
నా వయసు 63. ఇరవై రెండేళ్లుగా రోజూ గంట నడుస్తున్నాను. బీపీ అదుపులో ఉంది, పొట్ట లేదు. బరువులెత్తడాలు, జిమ్ములు ఈ వయసులో అవసరం లేదని నా గట్టి నమ్మకం. లండన్ డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బంది మీద డాక్టర్ జెర్రీ మోరిస్ చేసిన పరిశోధన 1953లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే, మెట్లెక్కి దిగుతూ టికెట్లు కొట్టే కండక్టర్లకు గుండెపోట్లు తక్కువ. వాళ్లేమీ డంబెల్స్ ఎత్తలేదు కదా! ఒళ్లు కదిలితే చాలు బాబూ.

ఫిజియో_పాతకాపు:
పొద్దునడక గారూ, మీ నడకకు దండం పెడతాను, గుండెకు అంతకంటే మంచిది చెప్పలేను. కానీ ఆ కండక్టర్లు నడిచింది చదును నేల మీద కాదు, రోజుకు కొన్ని వందల మెట్లు ఎక్కారు. తేడా అక్కడే ఉంది.

ముప్పై దాటాక పదేళ్లకోసారి కండ సుమారు 3 నుంచి 8 శాతం తగ్గుతూ వస్తుంది, అరవై దాటాక ఇంకా వేగంగా. దీనికి సార్కోపీనియా అని 1989లో పేరు పెట్టారు. ముందు తగ్గేది వేగంగా బిగుసుకునే కండపోగులు. కాలు జారినప్పుడు చటుక్కున అడుగేసి నిలదొక్కుకోవడానికీ, కుర్చీలోంచి ఒక్క ఊపులో లేవడానికీ పనికొచ్చేవి అవే. తీరుబడిగా నడిచే నడకలో వాటికి పని పడదు. అందుకే రోజూ నడిచే పెద్దాయన కూడా కింద పడితే లేవలేకపోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు శ్రమతో పాటు కండబలానికి కనీసం రెండు రోజులు, 65 దాటినవాళ్లకు నిలకడ పెంచే కసరత్తు మూడు రోజులు వేరుగా చెప్పింది ఇందుకే.

ఇంట్లోనే చూసుకోండి. గోడకు ఆనించిన కుర్చీలో కూర్చుని, చేతులు రెండూ గుండెల మీద అడ్డంగా పెట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చుంటారో లెక్కపెట్టండి. మగవాళ్లకు 60 నుంచి 64 మధ్య 14 కంటే తక్కువ, 75 నుంచి 79 మధ్య 11 కంటే తక్కువ వస్తే సగటు కన్నా వెనకబడ్డట్టే. పడిపోయే ప్రమాదం ఎక్కువని అర్థం.

మూడోమెట్టు గారూ, చంకల కింద పట్టి లాగకండి, ఇద్దరికీ ప్రమాదం. తలకు దెబ్బ తగిలినా, తుంటి దగ్గర నొప్పి ఉన్నా అసలు కదపకుండా అంబులెన్స్ పిలవాలి. ఏమీ లేకపోతే ముందు కాసేపు ఊపిరి తీసుకోనివ్వండి. పక్కకు దొర్లమనండి. మోచేతి మీద ఆని, పసిపిల్లలు పాకే భంగిమలోకి రమ్మనండి. ఎదురుగా గట్టి కుర్చీ పెట్టండి. రెండు చేతులూ దాని మీద పెట్టి, బలమున్న కాలి పాదం నేలకు ఆనించి, అక్కడి నుంచి లేవాలి. మీరు వెనక ఇంకో కుర్చీ పట్టుకుని ఉంటే చాలు. ఇది పడిన రోజు నేర్పేది కాదు, బాగున్న రోజే సాధన చేయించాలి.

పేరొద్దు:
ఎక్కడా చెప్పని మాట ఇక్కడ చెబుతున్నాను. 52వ ఏట భార్యాభర్తల విషయంలో నాకు ఇబ్బంది మొదలైంది, అంగస్తంభన సరిగా ఉండేది కాదు. సిగ్గుతో ఏడాది దాచాను. చివరికి డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆయన ముందు గుండె పరీక్షలు రాశారు. ఎందుకంటే అక్కడి రక్తనాళాలు గుండె నాళాల కంటే సన్నం, పూడిక వస్తే ముందు అక్కడే తెలుస్తుంది, గుండెలో బయటపడేది ఆ తర్వాత. నాకు నిజంగానే ఒక నాళంలో బ్లాక్ ఉంది. స్టెంట్ వేశారు. సిగరెట్ మానేశాను, డాక్టర్ ఒప్పుకున్నాక రోజూ వేగంగా నడక, వారానికి రెండు రోజులు బస్కీలు, దండీలు. రెండేళ్లయింది. తమ్ముళ్లూ, ఇలాంటిది కనిపిస్తే మందుల షాపుకి కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

తీరికలేనోడు:
పేరొద్దు అన్నా, ధైర్యంగా చెప్పారు, థాంక్స్. నాకు బీపీ ఉంది. ఊపిరి బిగబట్టి బరువెత్తితే కళ్లు బైర్లు కమ్మాయి ఒకసారి. ఎత్తేటప్పుడు గాలి వదలాలి, దించేటప్పుడు పీల్చాలి అని తర్వాత తెలిసింది. బీపీ ఉన్నవాళ్లు గుర్తుపెట్టుకోండి.

నీలిగొడుగు:
నేను ఆడమనిషిని, అయినా రాస్తున్నా. మా మామగారికి 81వ ఏట తుంటి ఎముక విరిగింది. తుంటి విరిగాక చనిపోయే ముప్పు ఆడవాళ్ల కంటే మగవాళ్లలో ఎక్కువని డాక్టర్ చెబితే అప్పటిదాకా నాకు తెలీదు. ఎముకలు గుల్లబారడం ఆడవాళ్ల జబ్బని మా ఇంట్లో అందరూ అనుకున్నారు. ఆయన మంచం మీద ఉన్న ఐదు నెలలూ పక్కకు తిప్పడం, కూర్చోబెట్టడం నేనూ మా ఆయనా. ఆయన పిక్కలు నా మణికట్టంత అయిపోయాయి. మా ఆయనకి 50. అప్పటి నుంచి రోజూ మెట్లెక్కుతున్నారు, నేను చెప్పకుండానే.

రాత్రిషిఫ్టు:
మంచం మాటొచ్చింది కాబట్టి. 1966లో అమెరికాలోని డల్లాస్‌లో ఇరవై ఏళ్ల కుర్రాళ్లు ఐదుగురిని మూడు వారాలు మంచం దిగనివ్వకుండా ఉంచి పరీక్షించారు. ముప్పై ఏళ్ల తర్వాత ఆ ఐదుగురినే మళ్లీ పరీక్షిస్తే, ముప్పై ఏళ్ల వయసు తగ్గించిన దమ్ము కంటే ఆ మూడు వారాల మంచం తగ్గించిందే ఎక్కువని తేలింది! ఆరు నెలలు కసరత్తు చేయిస్తే ఆ వయసుకి పోయిన దమ్ము తిరిగొచ్చింది కూడా. పోయిన ఏడాది నేను జ్వరంతో పన్నెండు రోజులు మంచాన పడ్డాను. లేచాక స్నానం చేసి వస్తే ఆయాసం. అందుకే జబ్బు చేసినా డాక్టర్ వద్దనకపోతే గదిలో నాలుగడుగులు వేస్తున్నా.

పొద్దునడక:
నిన్న కుర్చీ పరీక్ష చేశాను. 11 వచ్చాయి. మళ్లీ చేశాను, 11. ఇరవై రెండేళ్ల నడక నా తొడలను కాపాడుతోందనే అనుకున్నాను. ఫిజియో గారూ, ఎక్కడ మొదలుపెట్టాలి? ఎడమ మోకాలు కొంచెం నొప్పి.

ఫిజియో_పాతకాపు:
కుర్చీతోనే, సార్. మీద దిండు వేసి ఎత్తు పెంచండి. నెమ్మదిగా, మూడు అంకెలు లెక్కపెడుతూ కూర్చోండి, మామూలుగా లేవండి. ఎనిమిదిసార్లు చేసి ఆగి, మళ్లీ ఎనిమిది. రోజు విడిచి రోజు. రెండు వారాలకు సులువనిపిస్తే దిండు తీసేయండి. మర్నాటికి మోకాలు వాచినా, నొప్పి పెరిగినా తగ్గించి, ఒకసారి చూపించుకోండి. మీ నడక మాత్రం ఆపొద్దు.

ఈ వయసులో బలం వస్తుందా అనే అనుమానం వద్దు. 1990లో వచ్చిన ఒక అధ్యయనంలో తొంభై ఏళ్ల వాళ్లకి ఎనిమిది వారాలు తొడలకు బరువులతో కసరత్తు చేయిస్తే బలం రెండింతలు దాటింది.

మూడోమెట్టు:
పది వారాలైంది, చెప్పాలనిపించి వచ్చాను. మొదటిరోజు నాన్నకి కుర్చీ పరీక్షలో 4 వచ్చాయి, నాకు 15. డాక్టర్‌కి చూపించి ఇద్దరం కలిసి మొదలుపెట్టాం. ఆయన దిండు వేసిన కుర్చీతో, నేను వీపున బరువైన సంచితో. మొదటి రెండు వారాలు ఆయన చిరాకుపడ్డారు. ఆరో వారంలో దిండు తనే తీసి మంచం మీద పెట్టారు. ఇప్పుడు 9.

నేల మీద నుంచి లేవడం కూడా సాధన చేస్తున్నాం, చాప పరిచి. ఇన్నాళ్లూ నడుం దగ్గర చెయ్యి పట్టేవాణ్ని. నిన్న పొద్దున దొర్లి, పాకే భంగిమలోకి వచ్చి, కుర్చీ మీద చేతులు పెట్టి, నా వైపు చూసి "నువ్వు పట్టుకోకు" అన్నారు. రెండడుగులు వెనక్కి వేశాను. కుడికాలు ముందుకు పెట్టారు, ఒకసారి ఆగారు, లేచి నిలబడ్డారు.