మే నెలలో పిల్లల్ని అక్కడి బడికి పంపొచ్చా? ఫ్రిస్కోనా, మెల్‌బోర్నా?

బ్రాడీపేట అమ్మ, గుంటూరు:
అందరికీ నమస్కారం. మావారిది మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. యార్డుకి ఎండాకాలం సెలవులిచ్చే మే నెలలో తప్ప ఆయన ఊరు దాటరు. ఈసారి ఆ నెలలో విదేశం వెళ్దామంటున్నారు. ఆడపడుచు డాలస్ దగ్గర ఫ్రిస్కోలో, మా తమ్ముడు మెల్‌బోర్న్‌లో. ఎవరింటికి వెళ్లాలన్నది మా ఇంట్లో ఎంత సున్నితమైన విషయమో చెప్పక్కర్లేదు కదా!

పాప నాలుగో తరగతి, బాబు ఒకటి. అంత దూరం వెళ్లి కూడా సోఫాలో కూర్చుని తెలుగు కార్టూన్లే చూస్తారేమోనని నా భయం. అక్కడి పిల్లల మధ్య రోజూ కొన్ని గంటలైనా ఉండాలి, నోరు విప్పాలి. ఆడపడుచేమో "సమ్మర్ క్యాంపులున్నాయి వదినా" అంటుంది. తమ్ముడేమో "ఏకంగా బడికే పంపొచ్చు" అంటాడు. మా స్కూలు జూన్ 12న తెరుస్తారు. నిజంగా పంపినవాళ్లు చెప్పండి. వీసాతో ఏమైనా ఇబ్బందా?

పటమట మామ్మ, విజయవాడ:
అమ్మాయ్, మా అబ్బాయి వాళ్లూ డాలస్ వైపే ఉంటారు. ముందు తేదీలు చూసుకో. డాలస్ ఉన్న టెక్సస్‌లో బళ్లు మే చివర్లో మూస్తారు, క్యాంపులు జూన్ మొదట్లో మొదలవుతాయి. మీ బడి 12న అంటే పిల్లలకు దక్కేది మహా అయితే ఒక వారం. మే అంతా వాళ్ల పిల్లలు బళ్లో, నీ పిల్లలు సోఫాలో! న్యూజెర్సీ అయితే ఆ వారం కూడా లేదు, అక్కడ బళ్లు జూన్ మూడో వారం దాకా నడుస్తాయి. అమెరికాలో టూరిస్టు వీసా మీద బళ్లో చేర్చడానికి రూల్స్ ఒప్పుకోవు. ఆటపాటల క్యాంపుకైతే అడ్డు లేదు.

మా అమ్మాయి కూతుర్ని ఇక్కణ్ణుంచి తీసుకెళ్లి క్యాంపులో వేశాం. టీకాల కార్డు అడిగారు. మన గవర్నమెంటు కార్డులో ఎం.ఆర్. అనే ఉంటుంది, అంటే తట్టు, రుబెల్లా టీకా. గవదబిళ్ళలకీ, ఆటలమ్మకీ టీకా అందులో లేదు. ఇక్కడే పిల్లల డాక్టరుతో వేయించి, ఇంగ్లీషులో రాయించుకో. ఇంకోటి, చాలా క్యాంపుల్లో పల్లీలు తేనివ్వరు. పల్లీ పచ్చడి పెట్టిన డబ్బా మూత తీయకుండానే ఇంటికొచ్చింది. ఇక మిగతా రోజులన్నీ ఇడ్లీలోకి నెయ్యీ పంచదారే. సాయంత్రం మావారు తీసుకురావడానికి వెళ్తే, జాబితాలో పేరు లేదని పిల్లని ఇవ్వలేదు. ఆయన కోపం చూడాలి! నాకు మాత్రం ఆ పద్ధతి నచ్చింది.

తెనాలి కుర్రాడు, మెల్‌బోర్న్:
అక్కా, మీ తమ్ముడు చెప్పింది నిజమే. ఇక్కడ మే నెలలో బళ్లు మంచి ఊపులో ఉంటాయి. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో రెండో టర్మ్ ఏప్రిల్‌లో మొదలై జూన్ ఆఖరు దాకా నడుస్తుంది. విజిటర్ వీసా మీద 3 నెలల వరకు చదువుకోవచ్చు. కాకపోతే ఫీజు కట్టాలి, అదీ సీటు ఖాళీ ఉంటేనే. ఇంటి దగ్గరి బడికి ఇప్పుడే మెయిల్ పెట్టమనండి. సరేనని రాసిచ్చాకే టిక్కెట్లు కొనండి.

మా అక్క కూతురు ఒక మే నెల ఇలాగే వెళ్లింది. టీచరు రాగానే తనొక్కతే లేచి నిలబడేది, మిగతావాళ్లంతా కార్పెట్ మీద కాళ్లు చాపుకుని కూర్చునేవాళ్లు. బ్యాగులో పుస్తకాలే లేవని అక్కకి ఒకటే టెన్షన్! హోంవర్క్ అంటే రాత్రి ఓ కథల పుస్తకం చదివి అమ్మతో సంతకం పెట్టించుకోవడమే. లెక్కల్లో మన పిల్ల ముందే. "నీకేమనిపించింది?" అని అడిగితే మాత్రం చాలా రోజులు నోరు పెగల్లేదు. స్వెట్టర్లు మర్చిపోకండి, ఒక్కోరోజు పొద్దున బడికి వెళ్లే వేళకి పది డిగ్రీలు కూడా ఉండదు.

బ్రాడీపేట అమ్మ:
మామ్మగారూ, తమ్ముడూ, చాలా థాంక్స్. తేదీలు చూపిస్తే మావారు ఇంకేం మాట్లాడలేదు. వాళ్ల చెల్లెలికి ఫోన్ చేసి చెప్పే పని మాత్రం ఆయనకే వదిలేశా. తమ్ముడూ, మా వాడు ఇక్కడ ఒకటి పూర్తిచేసి వస్తాడు కదా, రెండులో కూర్చోబెడతారా?

తెనాలి కుర్రాడు, మెల్‌బోర్న్:
వయసును బట్టే అక్కా. ఆ ఏడాది ఏప్రిల్ 30కి ఐదు నిండితే ప్రెప్ (ఒకటో తరగతికి ముందు ఏడాది), ఆరు నిండితే గ్రేడ్ వన్. బాబు పుట్టినరోజు ఎప్పుడో చెప్పండి.