అప్‌డేట్: సెలవుల తర్వాత కదలని ఎలక్ట్రిక్ స్కూల్ బస్సు, కారణం దొరికింది

రాజోలు దగ్గర స్కూలుకి డీజిల్ బస్సు స్థానంలో తెచ్చిన ఎలక్ట్రిక్ బస్సు వేసవి సెలవులయ్యాక స్టార్ట్ కావట్లేదు, పెద్ద బ్యాటరీ పోయిందా అని అడిగాను. అది నిక్షేపంగా ఉంది, 58 శాతం చార్జి. పడిపోయింది 24 వోల్టుల చిన్న సెట్టు: రెండు 12 వోల్టుల బ్యాటరీలు కలిపి 19.6 వోల్టులే. పెద్ద బ్యాటరీని బస్సుకు కలిపే స్విచ్‌లు (మెయిన్ కాంటాక్టర్లు) మూసుకోవాలంటే ఈ చిన్న సెట్టు కరెంటే కావాలి. జీపీఎస్, కెమెరాలు నెలన్నరపాటు దాన్ని తాగేశాయి. పెద్ద బ్యాటరీ నుంచి చిన్న సెట్టుకు చార్జి ఇచ్చే డీసీ కన్వర్టర్, బస్సు ఆఫ్‌లో ఉంటే దాన్ని నింపదు.

రెండు చిన్న బ్యాటరీలూ ఒకేసారి మార్చారు. ఒక్కటే మారిస్తే పాతది కొత్తదాన్నీ పాడుచేస్తుంది. ఉప్పుగాలికి టెర్మినళ్లకు పట్టిన చిలుము వేడినీళ్లతో కడిగి, ఆరాక పెట్రోలియం జెల్లీ రాశారు. సెలవుల్లో 24 వోల్టుల ఐసొలేటర్ (చిన్న సెట్టును విడదీసే స్విచ్) ఆఫ్ చేయండి, చార్జింగ్ పెట్టేముందు మాత్రం మరవకుండా ఆన్ చేయాలి.