‘హీలియం ఫ్లాష్’ను ‘హీలియం మెరుపు’ అనవచ్చా?

తిరుపతి చుట్టుపక్కల బడుల కోసం మేము కొందరం నక్షత్రాల మీద గోడపత్రిక సిద్ధం చేస్తున్నాం. అందులో ‘హీలియం ఫ్లాష్’కు ఒకరు ‘హీలియం మెరుపు’ అని రాశారు. నాకది మింగుడుపడడం లేదు. మెరుపు అంటే కంటికి కనిపించాలి కదా!

సూర్యుడంతటి, మహా అయితే రెండింతల బరువున్న నక్షత్రం ముసలిదై, ఉబ్బి ఎర్రబడ్డాక దాని గర్భంలో హీలియం పేరుకుంటుంది. అక్కడ ఎలక్ట్రాన్లు ఎంతగా కిక్కిరిసి ఉంటాయంటే, వాటి ఒత్తిడికి వేడితో దాదాపు సంబంధమే ఉండదు. వేడి సుమారు 10 కోట్ల డిగ్రీలకు చేరగానే మూడేసి హీలియం కేంద్రకాలు కలిసి కార్బన్ కావడం మొదలవుతుంది. మామూలు వాయువైతే వేడెక్కగానే వ్యాకోచించి చల్లబడేది. ఇది వ్యాకోచించదు. ఈ కలయిక (సంలీనం) వల్ల వేడి, ఆ వేడి వల్ల మరింత సంలీనం. ఇక పగ్గాలుండవు. హీలియం ఫ్లాష్ అంటే ఇదే. కాసేపు ఆ గర్భం ఒక గెలాక్సీతో పోల్చదగినంత శక్తిని పుట్టిస్తుంది. కానీ ఆ శక్తంతా బిగుసుకున్న గర్భాన్ని వదులు చేయడానికే ఖర్చవుతుంది. బయటికి ఏమీ తెలియదు. పైగా ఆ తరవాత నక్షత్రం కుంచించుకుని, మునుపటికంటే మసకబారుతుంది. మసకబారేదానికి మెరుపని పేరా? మరేమనాలని అడిగితే వచ్చిన సూచనలు, వాటికి నా జవాబులు ఇవి:

— ‘హీలియం విస్ఫోటం’ అనండి. పత్రికల్లో అలవాటైన మాటే.

— వద్దండి. విస్ఫోటం అనగానే పిల్లలు సూపర్‌నోవా అనుకుంటారు. ఇక్కడ నక్షత్రం ముక్కలు కాదు.

— ‘అంతర్విస్ఫోటం’ అంటే?

— అది లోపలికి కుప్పకూలడానికి వాడుతున్నారు. ఇక్కడ జరిగేది అందుకు వ్యతిరేకం.

— చిత్తూరు నుంచి రాస్తున్నాను సార్. ‘భగ్గుమనడం’ ఉంది కదా? కొత్త మాట కల్పించడం ఎందుకు?

చాలా బాగుందమ్మా! భగ్గుమనడంలో వేడి ఉంది, ఆకస్మికత ఉంది. అన్నిటికన్నా ముఖ్యం, ఆ మాటను మనం మంటకే కాదు, కోపానికీ వాడతాం. ‘లోలోపల భగ్గుమంది’ అంటే ఎదుట కూర్చున్నవారికి కూడా తెలియకపోవచ్చు. మనకు కావలసిన అర్థం సరిగ్గా ఇదే. సంస్కృత సమాసం కాదు కాబట్టి పరిభాషగా నిలవదని కొందరు అనవచ్చు. నేను ఒప్పుకోను. పిల్లవాడికి ఒక్కసారి చదవగానే అర్థమయ్యే మాట కంటే మంచి పరిభాష ఏముంటుంది?

శీర్షిక ‘గర్భంలో భగ్గుమనే హీలియం’ అని మార్చాను. ఉదాహరణగా స్వాతిని పెడుతున్నాను. వేసవి రాత్రుల్లో మన మిద్దెల మీద దాదాపు నడినెత్తిన కనిపించే ఎర్ర నక్షత్రం అదే. బరువులో సూర్యుడికి దగ్గరగా ఉంటుంది. దాని గర్భంలో హీలియం ఇంకా అంటుకోలేదని అంచనా. సూర్యుడికైతే మరో 700 కోట్ల ఏళ్లకు పైగా గడువుంది.