అక్వేరియంలో చేపల్ని పెంచడం తప్పా? పెంచేవాళ్ళమే మాట్లాడుకుందాం

కృష్ణాతీరం
అందరికీ నమస్తే. తొమ్మిదేళ్ళుగా చేపలు పెంచుతున్నాను. దసరా సెలవులకు వచ్చిన మా అన్నయ్య కూతురు హాల్లో ఉన్న నాలుగడుగుల ట్యాంకు ముందు అరగంట కూర్చుంది. మురిసిపోతోందనుకున్నాను. "బాబాయ్, ఆ సక్కర్ వెనక్కి తిరగాలంటే తోక మడుచుకోవాల్సి వస్తోంది, చూశావా?" అంది. సక్కర్ అంటే గాజుకు నోటితో అతుక్కుని నాచు తినే చేప. కొన్నప్పుడు అది బొటనవేలంత ఉండేది. ఇప్పుడు అడుగుంబావు. రోజూ చూసే ట్యాంకే, ఆ తోక నా కంటికి ఆనలేదు.

జంతు హక్కుల వాళ్ళు అనేది ఇదే. చేప మన హాలు అలంకరణ కోసం పుట్టలేదు, ఎంత పెద్ద ట్యాంకయినా చెర చెరే అంటారు. ఇన్నాళ్ళూ "వేళకు తిండి పెడతాం, జబ్బు చేస్తే మందు వేస్తాం, పెద్ద చేప నోట్లో పడే భయం లేదు" అని జవాబిచ్చేవాణ్ణి. ఆ పిల్లకు మాత్రం అలా చెప్పలేకపోయాను. మీరేమంటారు?

గోదారి గప్పీ
అన్నా, ముందు టెన్షన్ పడకు. మనది చేపల ఉత్పత్తిలో దేశంలోనే ముందున్న రాష్ట్రం. పులస సీజన్‌లో ఒక్క చేపకు వేలకు వేలు పోసి పులుసు పెట్టుకుంటాం. చెరువు చేపను వలలో లాగి గట్టున పడేస్తే గిలగిలా కొట్టుకుంటుంది, దాన్ని ఎవరూ అడగరు. నా గప్పీలకు, ఆ చిన్న రంగు చేపలకు, పొద్దున్నే ఆర్టీమియా అనే ఉప్పునీటి బుల్లి రొయ్యల్ని వేసి, వారం వారం నీళ్ళు మార్చే నన్ను అడుగుతారు. ఇదెక్కడి న్యాయం?

ఇంకో మాట. ఇవి నదుల్లోంచి పట్టుకొచ్చినవి కావు. చెన్నై కొళత్తూరులో వీధులకు వీధులు ఈ పెంపకం మీదే బతుకుతున్నాయి. తరతరాలుగా తొట్టెల్లో పుట్టిన చేపలు. వదిలేయమంటే ఎక్కడ వదలాలి?

తడిమట్టి
గప్పీ గారూ, ఆరేళ్ళు పెంచి మానేసినదాన్ని. కాబట్టి బయటినుంచి మాట్లాడుతున్నానని అనుకోకండి. తినడంలో తప్పుంటే అది వేరే తప్పు. దాన్ని చూపించి దీన్ని ఒప్పు చేయలేం. తొట్టెలో పుట్టింది అంటారు, కానీ మనం కొంటున్నాం కాబట్టే పుట్టించారు. అడిగి తెచ్చిన ప్రాణానికి బాధ్యత తగ్గదు, ఎక్కువవుతుంది.

చేపకు నొప్పి తెలియదనే మాట కూడా ఇక్కడ తరచూ వింటుంటాను. 2003లో లిన్ స్నెడన్ అనే శాస్త్రవేత్త బృందం రెయిన్‌బో ట్రౌట్ చేపల పెదవుల్లోకి తేనెటీగ విషం, ఎసిటిక్ ఆమ్లం ఎక్కించి చూసింది. అవి అటూ ఇటూ ఊగాయి. ఆమ్లం ఎక్కించినవి పెదవుల్ని గులకరాళ్ళకేసి రుద్దుకున్నాయి. చాలాసేపు మేత ముట్టలేదు. మార్ఫిన్ ఇస్తే ఆ లక్షణాలు తగ్గాయి. చేప మెదడులో మనకున్న నియోకార్టెక్స్ అనే పైపొర లేదు కాబట్టి అది నొప్పి కాదని వాదించే శాస్త్రవేత్తలూ ఉన్నారు. ఆ వాదన చదివాను. ఆ రుద్దుకోవడం మాత్రం నా మనసులోంచి పోలేదు.

నేను మానేసింది ఆ పరిశోధన చదివి కాదు. ఒక షాపులో ఫైటర్ చేపల్ని టీ గ్లాసంత ప్లాస్టిక్ కప్పుల్లో వరసగా పేర్చారు. నలభైదాకా ఉంటాయి. ఒక కప్పులో చేప అడుగున పక్కకు ఒరిగి పడుకుంది. మొప్ప మాత్రం మెల్లగా కదులుతోంది. షాపతనితో చెప్తే "అది అంతేనండి, నిద్రపోతోంది" అన్నాడు. ఆ కదలిక ఆగేదాకా అక్కడే నిలబడ్డాను. ఇంటికొచ్చి ఉన్న చేపల్ని వాటి ఆయుష్షు తీరేదాకా చూసుకున్నాను. కొత్తవి కొనలేదు.

పచ్చనీరు
తడిమట్టి గారి మాటలో చాలా భాగం ఒప్పుకుంటాను. ఒప్పుకుంటూనే ట్యాంకులు ఉంచుకున్నాను. ఎందుకో చెప్తాను.

ఫైటర్ గాలి కూడా పీల్చగలదు. మొప్పల పైన దానికి ప్రత్యేక అవయవం ఉంది, పైకొచ్చి ఒక బుడగ మింగి వెళ్తుంది. థాయ్‌లాండ్ వరిమళ్ళలో, బురద గుంటల్లో బతకడానికి వచ్చిన గుణం అది. వ్యాపారం ఆ గుణాన్నే దాని మెడకు కట్టింది. కప్పులో చావదు కాబట్టి కప్పులో పెట్టొచ్చట. చావకపోవడాన్ని బతకడం అనం కదా. నా దగ్గర ఒకే ఫైటర్, నలభై లీటర్లలో, బాదం ఆకులు వేసిన గోధుమరంగు నీళ్ళలో ఉంది. ఆకు కింద బుడగల గూడు కట్టుకుంటుంది. చెర అంటే చెరే కావచ్చు. కానీ ఆ కప్పూ ఈ ట్యాంకూ ఒకటే అంటే మాత్రం ఒప్పుకోను.

గుండ్రటి గాజు గిన్నె సంగతి మరీ ఘోరం. చేప తన మొప్పల్లోంచే అమ్మోనియా వదులుతుంది, అది దానికే విషం. దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో స్థిరపడాలంటే వారాలు పడుతుంది. గిన్నెలో ఫిల్టరూ లేదు, బ్యాక్టీరియాకు చోటూ లేదు. చేప తన మలినంలోనే ఉడికిపోతుంది. పదేళ్ళు దాటి బతకాల్సిన గోల్డ్‌ఫిష్ పది రోజుల్లో పోతే "వాటి ఆయుష్షు అంతే" అనుకుంటాం. ఇటలీలో రోమ్ నగరం 2005లోనే గుండ్రటి గిన్నెల్ని నిషేధించింది.

మన దగ్గరా 2017 మే నెలలో కేంద్ర పర్యావరణ శాఖ అక్వేరియం షాపులకు నిబంధనలు తెచ్చింది. గిన్నెలు వద్దంది. 158 రకాల చేపల అమ్మకం ఆపమంది. షాపుకో చేపల వైద్య నిపుణుడు ఉండాలంది. పెంపకందార్లు గగ్గోలు పెట్టారు, ప్రభుత్వం వాటిని వెనక్కి తీసుకుంది. అప్పుడు నేనూ సంబరపడ్డాను. ఊరికి ఒక చేపల డాక్టరు దొరకని చోట షాపుకొకరు ఎక్కడినుంచి వస్తారు? కానీ ఆ కాగితంతో పాటు గిన్నెల మీద నిషేధం కూడా పోయిందే, దాని గురించి మనలో ఒక్కరమూ నోరెత్తలేదు. అది మన తప్పే. బయటివాళ్ళు మనల్ని నమ్మకపోవడానికి అదొక్కటి చాలు.

రంగు గాజుచేపల సంగతీ అంతే. మన వాగుల్లో, చెరువుల్లో కనపడే పారదర్శకమైన చిన్న చేప అది. దాని వీపులోకి సూదితో గులాబీ, పచ్చ రంగులు ఎక్కించి అమ్ముతారు. కొన్నాళ్ళకు రంగు వెలిసిపోతుంది. బ్లడ్ పారెట్ అనే చేప నోరు సరిగ్గా మూసుకోదు, అయినా ముద్దొస్తుందని కొంటాం. ఇలాంటివి కొనేవాళ్ళు ఈ వేదికలోనే ఉన్నారు. దయచేసి ఆపండి.

ఉప్పునీళ్ళు, విశాఖ
నాది సముద్రపు ట్యాంకు. మంచినీటి చేపల్లో ఎక్కువ భాగం ఫారాల్లో పుట్టినవి. మావి ఎక్కువగా సముద్రంలోంచి పట్టినవే. ఫిలిప్పీన్స్, ఇండోనేషియాల్లో పగడపు దిబ్బల్లోకి సయనైడ్ చిమ్మి చేపల్ని మత్తెక్కించి పట్టే పద్ధతి దశాబ్దాలుగా ఉంది. పట్టిన చేపతో పాటు పగడమూ చస్తుంది. బిల్లు మీద అవన్నీ రాయరు. అందుకే ఇప్పుడు హేచరీలో పుట్టిన క్లౌన్‌ఫిష్ మాత్రమే కొంటున్నాను. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) వాళ్ళే వాటిని గుడ్ల నుంచి పెంచి చూపించారు. నీలి టాంగ్ అనే సముద్రపు చేపను ట్యాంకులో పుట్టించగలిగింది 2016లో. షాపులో ఉన్నది ఎక్కడ పుట్టిందో అడిగితే "ఇంపోర్టెడ్" అంటారు. ఆ జవాబు వస్తే కొనకుండా వచ్చేస్తాను.

గోదారి గప్పీ
నదిలోంచి పట్టిన చేప అంటేనే పాపం అనుకోకండి. బ్రెజిల్‌లో రియో నీగ్రో నది ఒడ్డున బార్సెలోస్ అనే ఊరుంది. కార్డినల్ టెట్రాలనే చిన్న రంగు చేపల్ని పట్టడమే అక్కడి చాలా కుటుంబాలకు జీవనాధారంగా ఉంటూ వచ్చింది. వరద తీసేశాక ఆ చిన్న చేపలు చాలావరకు ఎలాగూ చనిపోతాయి. చేపకు ధర ఉన్నంతకాలం అడవిని నరికే పని అక్కర్లేదు. ఆ చేపల వేటకు అండగా నిలిచే ప్రాజెక్ట్ పియాబా వాళ్ళ నినాదమే "చేప కొను, చెట్టును కాపాడు". మనం కొనడం మానేస్తే ఆ మనుషులు ఏ పనికి పోతారు?

తడిమట్టి
ఇది నేను తేలిగ్గా కొట్టిపారేయలేని మాట. కానీ బార్సెలోస్‌కు పనికొచ్చిన లెక్క ప్రతి నదికీ పనికిరాదు. మన పశ్చిమ కనుమల మిస్ కేరళ చేపను చూడండి, ఎర్రగీత ఉన్న బార్బ్. కేరళ, కర్ణాటక వాగుల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. అక్వేరియంల కోసం పట్టీ పట్టీ ఇప్పుడది అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేరింది. అక్కడ కూడా పట్టినవాళ్ళు పేదవాళ్ళే. ఏ నదిలో ఎన్ని పట్టొచ్చో ఎవరు లెక్క చూస్తున్నారు?

కృష్ణాతీరం
అందరిదీ చదివాను. తొమ్మిదేళ్ళలో నేను "ఇది ఎంత పెరుగుతుంది?" అని అడిగి కొన్న చేప ఒక్కటీ లేదు. రాత్రి టేపు పెట్టి కొలిచాను. ట్యాంకు వెడల్పు పదిహేను అంగుళాలు, సక్కర్ కూడా దాదాపు అంతే. మా పక్కింటాయన "కృష్ణలో వదిలెయ్యండి, పుణ్యం" అన్నారు. వదలను. మనలాంటివాళ్ళు వదిలినవే పెరిగి, జాలర్ల వలలు చించి, దెయ్యం చేపలని పేరు తెచ్చుకున్నాయి. తూర్పు కనుమల చెరువుల్లో అవి ఎంత దూరం పాకాయో హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధకులు నీళ్ళలోని డీఎన్‌ఏతో లెక్క తీయాల్సి వచ్చింది. ఒక్క చేపకు స్వేచ్ఛ ఇస్తున్నాననుకుని చెరువునంతా పాడుచేయలేను. దీన్ని ఎవరికివ్వాలి?

పచ్చనీరు
మా తోటలో సిమెంటు తొట్టి ఉంది. ఎనిమిదడుగులు, మూత ఉంది, బయటికి కాలువ లేదు. ఇప్పటికే రెండు సక్కర్లున్నాయి. తీసుకురండి.

తడిమట్టి
కృష్ణాతీరం గారూ, దాని చోటులో ఇంకోటి కొనరు కదా?

కృష్ణాతీరం
సక్కర్ కొననండి. టెట్రాలు మాత్రం ఉంటాయి. వాటిని చూడకుండా నాకు తెల్లారదు.

తడిమట్టి
అక్కడ మీకూ నాకూ పొసగదు. నాలుగడుగుల ట్యాంకులో ఇరవై టెట్రాలు హాయిగా ఉన్నాయని మీరంటారు. హాయి మీదా వాటిదా అని నేనడుగుతూనే ఉంటాను. సక్కర్ విషయంలో మాత్రం సంతోషం.

పచ్చనీరు
వచ్చే ముందురోజు మేత వేయకండి. వలతో పట్టొద్దు, దాని రెక్క ముళ్ళు వలలో ఇరుక్కుని విరుగుతాయి. కవరు కూడా వద్దు, చిరుగుతుంది. మూతున్న బకెట్‌లో ట్యాంకు నీళ్ళే సగం పోసి, తడిగుడ్డతో ఎత్తి పెట్టండి. ఆదివారం పొద్దున్నే ఎండ రాకముందు బయల్దేరండి. అన్నయ్యగారి అమ్మాయి ఇంకా ఊళ్ళోనే ఉంటే తననూ తీసుకురండి.