టీబీ రీసెర్చ్ ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది, అమ్మ వద్దంటోంది

సూళ్ళూరుపేట అమ్మాయి:

నమస్తే అండి. నేను బీఎస్సీ ఎంఎల్‌టీ చేసి, రెండేళ్ళుగా నెల్లూరులో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో చేస్తున్నాను. షుగరు, థైరాయిడ్, సీబీపీ తప్ప ఇంకో పని ఎరగను. ఇప్పుడు చెన్నై చేట్‌పట్‌లోని ఎన్‌ఐఆర్‌టీలో, అదే జాతీయ క్షయ పరిశోధన సంస్థలో, ఒక ప్రాజెక్టు కింద టెక్నీషియన్‌గా సెలెక్ట్ అయ్యాను. కల్చర్ సెక్షన్‌లో, అంటే నమూనాలోని సూక్ష్మజీవిని పెంచి చూసే చోట, వేస్తామన్నారు.

ఇంట్లో గొడవ అమ్మతోనే. ఆవిడ చిన్నప్పుడు మా పెద్ద మామయ్యకు టీబీ వస్తే తాతయ్య ఆయన్ని మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం టీబీ ఆసుపత్రిలో చేర్చారట. నయమై వచ్చాక కూడా చాలా రోజులు ఆయన కంచం, గ్లాసు పెరటి గూట్లో వేరుగా పెట్టేవాళ్ళట. "ఇంట్లోంచి సాగనంపిన జబ్బుని నువ్వు వెతుక్కుంటూ పోతావా?" అంటోంది. పైగా పెళ్ళి కావాల్సిన పిల్లనని ఒకటి.

నిజంగా అంత ప్రమాదమా? ఇలాంటి ల్యాబుల్లో చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. 15వ తేదీలోపు జాయిన్ అవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

గూడూరు బాబాయ్:

టీబీ సంగతి పక్కన పెట్టమ్మా. ప్రాజెక్టు ఉద్యోగం అంటే గ్రాంటు అయిపోగానే ఇంటికే. మా తమ్ముడి కొడుకు ఇలాగే ఒకచోట చేరాడు, పదకొండో నెలలో రెన్యువల్ కాగితం రాలేదు, రెండు నెలలు ఖాళీగా కూర్చున్నాడు. ఎన్నాళ్ళకి ఇస్తున్నారో ఆర్డరులో చూసుకో.

పాత మైక్రోస్కోపు:

అమ్మాయ్, నేను ఇరవై ఏడేళ్ళు టీబీ ల్యాబుల్లో చేసి రిటైర్ అయ్యాను. నువ్వు చెప్పిన సంస్థలో కాదు. కానీ మేం చేసే పనికి పుట్టిల్లు అదే కాబట్టి దాని సంగతులు తెలుసు.

ముందు మీ అమ్మగారి మాటకి జవాబు చెప్తాను, ఎందుకంటే సరిగ్గా ఆ ప్రశ్న మీదే ఆ సంస్థ పుట్టింది. 1956లో మద్రాసులో టీబీ కీమోథెరపీ సెంటర్ అని పెట్టారు, అంటే టీబీకి మందులతో చికిత్స చేసే కేంద్రం. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ కలిసి పెట్టినది. వాలెస్ ఫాక్స్ అనే డాక్టరు నడిపించారు. అప్పట్లో టీబీ అంటే శానటోరియమే, అంటే రోగుల్ని నెలల తరబడి ఉంచే ఆసుపత్రి, మంచి గాలి, పాలు, గుడ్లు, పడక. దేశంలో రోగులు లక్షల్లో, పడకలు వేలల్లో. మరి మందులు చేతికిచ్చి ఇంటికి పంపిస్తే ఏమవుతుంది?

193 మంది రోగుల్ని తీసుకుని, లాటరీ వేసినట్టు సగం మందిని శానటోరియానికి, సగం మందిని వాళ్ళ ఇళ్ళకే పంపారు. ఇద్దరికీ ఒకే మందులు, ఐసోనియాజిడ్, పీఏఎస్ అనేవి, ఏడాది పాటు. ఇంటి దగ్గరివాళ్ళు ఇరుకు ఇళ్ళలో ఉన్నారు, తిండి శానటోరియం తిండికి సాటిరాదు, కొందరు పనులకీ పోయారు. 1959లో ఫలితాలు వస్తే రెండు వైపులా నయమైనవాళ్ళ లెక్క దాదాపు ఒకటే. అంతకంటే పెద్ద విషయం, ఇంట్లోవాళ్ళని ఐదేళ్ళు గమనిస్తూ వచ్చారు. రోగి ఇంట్లోనే ఉన్నాడని ఆ పిల్లలకీ, పెళ్ళాలకీ జబ్బు ఎక్కువేమీ రాలేదు. అంటుకునేది ఎక్కువగా మందు మొదలుకాక ముందే, జబ్బని తెలియక అందరూ ఒకే గదిలో పడుకున్న నెలల్లోనే. మందు పడ్డాక అంటించే శక్తి గబగబా తగ్గిపోతుంది. మీ మామయ్య కంచం గూట్లోకి వెళ్ళేసరికి భయపడాల్సిన రోజులు అయిపోయాయమ్మా. కంచాల ద్వారా ఎలాగూ రాదు, అది గాలి జబ్బు. ఆరోగ్యవరం మంచి ఆసుపత్రే, దాన్ని తక్కువ చెయ్యడం లేదు.

ఇక ల్యాబు సంగతి. ప్రమాదం లేదని నేను చెప్పను. నేను చేరిన మొదటి చోట (పేరు వద్దులే) మామూలు బల్ల మీద, తిరుగుతున్న ఫ్యాను కింద తెమడ స్లైడులు వేయించారు. ఇరవై మూడేళ్ళ కుర్రాణ్ణి, అడగాలని తెలియదు. తర్వాత మాంటూ పరీక్ష (టీబీ సూక్ష్మజీవి ఒంట్లో చేరిందో లేదో చేతికి సూది వేసి చూసేది) చేస్తే చెయ్యి ఉబ్బింది, అంటే చేరిందన్నమాట. జబ్బు మాత్రం ఇంతవరకు రాలేదు. సూక్ష్మజీవి ఒంట్లో చేరిన వందమందిలో జీవితం మొత్తం మీద జబ్బు పడేది ఐదు నుంచి పదిమంది. షుగరున్నా, హెచ్‌ఐవీ ఉన్నా ఆ లెక్క పెరుగుతుంది. నీకు అలాంటిదేదైనా ఉంటే చేరేముందే చెప్పు, దాచకు.

ఇప్పుడు కల్చర్ పని అలా చెయ్యకూడదు. తలుపు దాటితే గాలి ఎప్పుడూ లోపలికే లాగుతుంది, బయటికి రాదు. తలుపు పక్కన ప్రెషర్ గేజ్ ఉంటుంది, దాన్ని చూడకుండా అడుగుపెట్టకు. ఎన్95 ముఖానికి అతుక్కుందో లేదో ఫిట్ టెస్ట్ చేయించమని అడుగు. నమూనా మూత తీసేదంతా బయోసేఫ్టీ క్యాబినెట్ (గాలిని వడకట్టే పెట్టె) లోపలే. సెంట్రిఫ్యూజ్ (నమూనా గొట్టాల్ని గిర్రున తిప్పే యంత్రం) ఆగిందని వెంటనే మూత ఎత్తకూడదు, కాసేపు ఆగాలి. లోపల గొట్టం పగిలి ఉంటే ఆ తుంపరంతా నీ ముఖానికే. మా పనిలో దెబ్బ తినేది కొత్తవాళ్ళకంటే పదేళ్ళ అనుభవం ఉండి ఐదింటి బస్సుకు తొందరపడేవాళ్ళు. చేరిన రోజే ఛాతీ ఎక్స్‌రే తీయించుకుని ఒక కాపీ నీ దగ్గరే పెట్టుకో.

నిజానికి నువ్వు మొదట్లో చేసే పని వింటే మీ అమ్మగారు నవ్వుతారు. కోడిగుడ్లు కడగడం! టీబీ సూక్ష్మజీవికి పెట్టే తిండి ఎల్‌జే మీడియం, అది గుడ్లతో చేస్తారు. పెట్టి వారం దాటని గుడ్లు కావాలి, యాంటీబయాటిక్ తిన్న కోళ్ళవి అయితే అందులో సూక్ష్మజీవి పెరగదు. సబ్బుతో తోమి, స్పిరిట్‌లో పెట్టి, పగలగొట్టి గిలక్కొట్టి గుడ్డలో వడకడతాం. అందులో లవణాల నీళ్ళు, మలకైట్ గ్రీన్ రంగు కలిపి సీసాల్లో పోసి, ఏటవాలుగా పడుకోబెట్టి 85 డిగ్రీల దగ్గర గట్టిపరుస్తాం. ఇడ్లీ ఉడికినట్టు గట్టిపడి, లేత ఆకుపచ్చగా వస్తుంది. దాని మీద నమూనా వేసి 37 డిగ్రీల్లో పెట్టి ఎదురుచూడ్డమే. మామూలు బ్యాక్టీరియా ఇరవై నిమిషాలకోసారి రెండవుతుంది, ఇది దాదాపు రోజంతా తీసుకుంటుంది. ఎనిమిది వారాలు చూసి గానీ నెగటివ్ అనం. మూడో వారమో నాలుగో వారమో ఒక పొద్దున ఆ పచ్చ మీద బ్రెడ్డు పొడి రాలినట్టు గరుగ్గా, మీగడ రంగులో కనిపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు భయం వెయ్యలేదు, అందరినీ పిలిచి చూపించాను.

గూడూరు బాబాయ్:

అన్నా, అంతా బాగానే ఉంది గానీ రెన్యువల్ సంగతి చెప్పలేదు.

పాత మైక్రోస్కోపు:

అది నువ్వు చెప్పిందే రైటు తమ్ముడూ. ఆర్డరులో తేదీ చూసుకోవాలి. కాకపోతే మందులకి లొంగని టీబీ కల్చర్ పని చేతికొస్తే ఇంకో ప్రాజెక్టువాళ్ళు పిలుస్తారు. ప్రైవేటు ల్యాబులో థైరాయిడ్ మెషిన్ బటన్ నొక్కితే ఎవరు పిలుస్తారు?

సూళ్ళూరుపేట అమ్మాయి:

అంకుల్, చాలా థాంక్స్. మీరు రాసిందంతా రాత్రి అమ్మకి చదివి వినిపించాను. మామయ్య దగ్గే రోజుల్లో ఆవిడ ఆయన పక్కనే చాప వేసుకుని పడుకునేదట, ఆ మాట నాకు ఎప్పుడూ చెప్పలేదు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒకటే అడిగింది, అన్ని గుడ్లు పగలగొడతారు కదా, మిగిలినవి ఏం చేస్తారు అని.

పాత మైక్రోస్కోపు:

మిగలవని చెప్పమ్మా. లీటరు గుడ్డు సొనకి ఇరవై నుంచి పాతిక గుడ్లు పడతాయి, లెక్కేసి తెస్తాం. ఒకటీ అరా మిగిలినా ల్యాబు గుడ్డు తినకూడదు. ఎక్స్‌రే సంగతి మర్చిపోకు.