బ్యాక్టీరియాకి ఆర్‌ఎస్‌డి ఎంత?

పరవాడ క్యూసీ:
పరవాడలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేస్తాను. మొన్న నైట్ షిఫ్టులో హెచ్‌పీఎల్‌సీలో (మందులో ఏది ఎంతుందో కొలిచే మిషను) స్టాండర్డ్, అంటే గాఢత ముందే తెలిసిన ద్రావణం, ఆరుసార్లు ఇంజెక్ట్ చేశాను. ఆర్‌ఎస్‌డి, అంటే ఆరు రీడింగులు వాటి సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే శాతం, 2 దాటకూడదు. 2.3 వచ్చింది. చూస్తే పంపులో గాలి బుడగ. పర్జ్ చేసి, అంటే గాలి వెళ్లగొట్టి, మళ్లీ మొదటి నుంచి ఆరు. షిఫ్టు వ్యాన్ గాజువాక చేరేసరికి పొద్దెక్కిపోయింది.

ఇంటికొస్తే మా అమ్మాయి (డిగ్రీ, మైక్రోబయాలజీ) చదువుతోంది: ఈ.కోలై అనే బ్యాక్టీరియా నీళ్లలో అస్పార్టేట్ (ఒక అమైనో ఆమ్లం) ఎటు ఎక్కువుందో పసిగట్టి అటే ఈదుతుందట. నిద్రమత్తులోనే లెక్కేశాను. 1 నానోమోలార్ అంటే ఘన మైక్రాన్‌కి 0.6 అణువు. ఆ పురుగు ఒళ్లే దాదాపు ఒక ఘన మైక్రాను. అంటే దాని ఒంటంత నీళ్లలో అణువు ఒకటి ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఇంతోటి దాంట్లో ఎక్కువేటి, తక్కువేటి? కోట్లు పోసి కొన్న మిషనే మాకు తైతక్కలాడుతోంది.

మైక్రో మేష్టారు:
మీరు ఉన్న సరుకు లెక్కేశారు. వచ్చిపోయే సరుకు లెక్కేయండి. చిన్న అణువులు నీళ్లలో కుదురుగా ఉండవు. వాటి వ్యాపన గుణకం, అంటే ఎంత జోరుగా చెదిరిపోతాయో చెప్పే సంఖ్య, సుమారు సెకనుకి 1000 చదరపు మైక్రాన్లు. కణాన్ని 1 మైక్రాన్ వ్యాసార్ధమున్న బంతి అనుకుంటే, దాన్ని తాకే అణువులు 4π × వ్యాపన గుణకం × వ్యాసార్ధం × గాఢత, అంటే 4π × 1000 × 1 × 0.6. సెకనుకి దాదాపు 7,500! యాదృచ్ఛికంగా వచ్చేవాటిని లెక్కపెడితే తప్పు వర్గమూలమంత: 87 అటూ ఇటూ. అంటే 1.2 శాతం. మీ 2 కన్నా మెరుగే.

1977లో హోవార్డ్ బెర్గ్, ఎడ్వర్డ్ పర్సెల్ ఈ హద్దు చూపించారు. పర్సెల్ అసలు భౌతికశాస్త్రవేత్త, 1952 భౌతికశాస్త్ర నోబెల్ పంచుకున్న ఇద్దరిలో ఒకరు. ఒక్క మాట: వచ్చినదాన్నల్లా మింగేస్తేనే ఈ లెక్క. నిజం రిసెప్టర్ (కణం మీద ఉండి అణువుల్ని పట్టుకునే ప్రోటీన్) పట్టుకుంటుంది, వదిలేస్తుంది. వదిలిన అణువే మళ్లీ వచ్చి తగిలితే రెండోసారి లెక్కలో పడుతుంది. కాబట్టి తప్పు ఇంకాస్త పెరుగుతుంది.

పరవాడ క్యూసీ:
మేష్టారూ, 7,500 పట్టాలంటే ఒళ్లంతా ఆ ఒక్క రిసెప్టరే పరుచుకోవాలి కదండీ. సెరిన్ (ఇంకో అమైనో ఆమ్లం) లాంటి మిగతావాటి రిసెప్టర్లకి చోటేదీ?

మైక్రో మేష్టారు:
అక్కడే ఉంది తమాషా. సాయంత్రం ఆర్కే బీచ్‌లో పనీపాటా లేకుండా తిరిగేవాణ్ణి చూడండి. మురీ మిక్చర్ బండి ఒక్కటే ఉన్నా, ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు వేస్తూ ఇంటికెళ్లేలోగా దాని ముందు నుంచి పదిసార్లు పోతాడు. ఎప్పుడో ఒకప్పుడు కొంటాడు. బీచ్ పొడుగునా బండ్లు పెట్టక్కర్లేదు. అణువూ అంతే. కణాన్ని ఒకసారి తాకిందంటే చుట్టుపక్కలే తచ్చాడుతూ చాలాసార్లు తాకుతుంది. 1 నానోమీటర్ వ్యాసార్ధం గల రిసెప్టర్లు 3,100 చాలు, పూర్తిగా కప్పితే వచ్చేదాంట్లో సగం వచ్చేస్తుంది. అవి ఆక్రమించే చోటు ఒంటి పైభాగంలో వెయ్యో వంతు కూడా కాదు.

జాలారిపేట కుర్రోడు:
గురూ, ఇంకా సేపు కొలిస్తే తప్పు ఇంకా తగ్గుతుంది కదా. సెకనే ఎందుకు? పది సెకన్లు కొలవొచ్చుగా?

మైక్రో మేష్టారు:
మంచి ప్రశ్న. నీటి అణువుల తాకిడికి బ్యాక్టీరియా తిన్నగా ఈదలేదు. పది సెకన్లలో ముఖం దాదాపు 90 డిగ్రీలు తిరిగిపోతుంది. అప్పటిదాకా కొలిచి ‘ఇటు బాగుంది’ అని తేల్చుకున్నా, ‘ఇటు’ అన్నది ఎటో పోయుంటుంది. అందుకే గడిచిన ఒక సెకనుని దాని ముందు మూడు సెకన్లతో పోల్చి చూస్తుంది. పెరుగుతోందా, అదే దారిన ఇంకాస్త ముందుకి. లేదా, సెకనులో పదో వంతు సేపు గిలగిలా దొర్లి కొత్త దిక్కు పడుతుంది. ఆ మూడు సెకన్ల జ్ఞాపకం రిసెప్టర్ల మీద అతికించే మిథైల్ గుంపులనే చిన్న రసాయన ముక్కల్లో ఉంటుంది.

జాలారిపేట కుర్రోడు:
వల వేశాక రెండు నిమిషాలకే పడవ ఎటో తేలిపోతే చేపలెక్కడున్నాయో ఏం చెప్తాం? అదేనన్నమాట.

పరవాడ క్యూసీ:
ఇంకో చిన్న డౌటు. అణువు ఒక రిసెప్టర్‌కి అతుక్కుని ఎంతసేపు కూర్చుంటుందో దాన్నిబట్టి గాఢత తెలుస్తుందా?

మైక్రో మేష్టారు:
తెలియదండీ. ఎంతసేపు కూర్చుంటుందన్నది ఆ బంధం గట్టిదనాన్ని బట్టి ఉంటుంది. అది సమాచారం కాదు, గోల. రిసెప్టర్ ఖాళీ అయ్యాక మళ్లీ ఎంతసేపటికి నిండిందన్నదే గాఢత చెప్పేది. ఎండ్రెస్, వింగ్రీన్ అనే శాస్త్రవేత్తలు 2009లో తేల్చిందీ ఇదే. ఖాళీ సమయాలనే లెక్కలోకి తీసుకుంటే తప్పు తగ్గుతుంది.

పరవాడ క్యూసీ:
అమ్మాయికి చూపించాను. 7,500కి వర్గమూలం కాయితం మీద తీస్తోంది. నాకు ఇవాళ మళ్లీ నైట్. వెళ్లగానే ముందు ఆ పంపు సంగతి చూడాలి.