విమానంలోంచి డుగాంగుల లెక్క: మునిగి ఉన్నవాటి సంగతేంటి?

ఉప్పుగాలి:
పీజీ సెమినార్‌కి డుగాంగుల (సముద్రగడ్డి మేసే పెద్ద జీవులు, సముద్రపు ఆవులంటారు) ఏరియల్ సర్వే టాపిక్ వచ్చింది. ఒక్కటి మాత్రం మింగుడు పడట్లేదు. విమానం గంటకి 185 కిలోమీటర్ల వేగంతో పోతుంటే కిటికీలోంచి చూసి లెక్కపెడతారట, అవేమో ఊపిరి కోసం ముక్కు బయటపెట్టి మళ్లీ మునిగిపోతాయి. వానలప్పుడు కైలాసగిరి మీంచి చూస్తే ఎర్రనీళ్లలో పడవ తప్ప ఏం కనపడదు, మరి ఆ లెక్కని నమ్మేదెలా? ఇక్కడ డ్రోన్‌తో చిన్న డెమో చేయొచ్చా?

పాత ల్యాబ్:
కనపడినవే మొత్తమని ఎవరూ రాయరమ్మా. ఆస్ట్రేలియాలో డుగాంగుల శాస్త్రవేత్త హెలీన్ మార్ష్ బృందం పద్ధతిలో విమానం 450 అడుగుల ఎత్తున, ముందే గీసుకున్న గీతల వెంట వెళ్తుంది. ఒక్కో పక్క ఇద్దరు కూర్చుంటారు, ఒకరి మాట ఇంకొకరికి వినపడదు. ముందు మనిషి 8 చూశాడు, వెనక మనిషి 6, ఇద్దరికీ ఉమ్మడిగా 4 అనుకో. 8×6÷4, అంటే 12. ఇద్దరికీ కలిపి దొరికినవి 8+6−4, అంటే 10, ఇంకో రెండు ఇద్దరి కళ్లూ తప్పించుకున్నాయన్నమాట. ఇది చూసేవాళ్ల లోపం. నీటి అడుగునున్నవాటికి సవరణ వేరు: డుగాంగ్ బొమ్మని నీళ్లలోకి దించి ఎంత లోతులో మాయమవుతుందో చూస్తారు, నిజం డుగాంగులకి డెప్త్ రికార్డర్లు కట్టి ఆ లోతుకి పైన ఎంతసేపు ఉంటాయో కొలుస్తారు. బురద నీళ్లకొక సవరణ, తేట నీళ్లకొకటి. సెమినార్‌లో ఈ రెండూ కలిపేశావో, మొదటి ప్రశ్న అక్కడే పడుతుంది.

రామేశ్వరం రిటర్న్:
పై పద్ధతి మందలు ఉన్నచోట బాగుంటుంది. ఆస్ట్రేలియాలోని షార్క్ బేలో వేలకొద్దీ ఉంటాయి, మన దేశం మొత్తంలో కొన్ని వందలే అంటారు, అదీ పాక్ బే, మన్నార్, కచ్, అండమాన్‌లలో. ఇంత పలచగా ఉంటే రోజంతా ఎగిరినా ఒకటో రెండో కనపడతాయి, ఇంకొక్కటి ఎక్కువ కనపడిందా, అంచనా అమాంతం పెరిగిపోతుంది. పాక్ బేలో 448 చదరపు కిలోమీటర్లని 2022లో డుగాంగుల రిజర్వ్ చేశారు కదా, అక్కడ నాకు ఎక్కువ నమ్మకం వలలేసేవాళ్ల మాట మీదే. సముద్రగడ్డిలో అవి మేసుకుంటూ పోయిన చారలు కూడా అబద్ధం చెప్పవు.

బీచ్‌రోడ్ బాబాయ్:
డ్రోన్ జోలికి పోకు తల్లీ! నేవీ, ఎయిర్‌పోర్టు రెండూ ఉన్న ఊరు, పర్మిషన్ లేకుండా ఎగరేస్తే సెమినార్ స్టేషన్‌లో ఇవ్వాల్సొస్తుంది. 2013లో ప్లాస్ వన్ అనే సైన్స్ జర్నల్‌లో వచ్చిన షార్క్ బే డ్రోన్ పేపర్ ఫ్రీగానే దొరుకుతుంది. అందులో ఫొటోలు తీసుకుని క్లాస్‌లో ఇద్దరి చేత విడివిడిగా లెక్కపెట్టించు.

ఉప్పుగాలి:
థాంక్యూ అండీ, డ్రోన్ కేన్సిల్. వెనక బెంచీ వాళ్లిద్దరికీ ఫొటోలు ఇచ్చి చూస్తా, ఉమ్మడి సున్నా వస్తే ఏ ఫార్ములా వాడాలో మళ్లీ అడుగుతా.